రీప్రొడ్యూస్ అంటే ఏమిటి? జిరాక్స్ షాపు నుంచి రొయ్యల హేచరీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లు, గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు, తెలుగులోకి అనువాదాలు చేస్తున్నవాళ్లు ఈ ఒక్క క్రియ మీద అడిగే ప్రశ్నలివి. గోదావరి జిల్లాలవాళ్లం కాబట్టి ఉదాహరణలు కూడా మన చెరువుల్లోంచి, తోటల్లోంచి, మన ఆఫీసు కాగితాల్లోంచే తీసుకున్నాం.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. రీప్రొడ్యూస్ అంటే ఏమిటండీ?

ఒకసారి ఉన్నదాన్ని మళ్లీ ఉండేలా చేయడం. కాగితానికి నకలు తీసినా రీప్రొడ్యూసే. చేప గుడ్లు పెట్టి పిల్లల్ని కన్నా రీప్రొడ్యూసే. నిన్న ల్యాబులో వచ్చిన ఫలితాన్ని ఇవాళ మళ్లీ రాబట్టినా రీప్రొడ్యూసే. తెలుగులో ఈ మూడు పనులకీ మూడు వేరు మాటలున్నాయి. ఇంగ్లీషువాళ్లు ఒక్కదానితో సరిపెట్టుకున్నారు. మనకు చిక్కు వచ్చేది అక్కడే.

డిక్షనరీలో ‘పునరుత్పత్తి చేయు’ అని ఉంది. అన్నిచోట్లా అదే రాసేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ మొత్తం పేజీలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

‘ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ పునరుత్పత్తి చేయరాదు’ అని కొన్ని పుస్తకాల మొదటి పేజీల్లో చూసే ఉంటారు. పుస్తకం గుడ్లు పెడుతుందా, ఈనుతుందా? తెలుగు ప్రచురణకర్తలు ఎప్పటినుంచో ‘అనుమతి లేకుండా పునర్ముద్రించరాదు’ అనో, ‘సర్వహక్కులూ రచయితవి’ అనో వేస్తూ వచ్చారు. శుభ్రమైన మాట చేతిలో ఉండగా డిక్షనరీలో మొదట కనబడిందాన్ని తెచ్చి అతికించడం వల్ల వచ్చిన తంటా ఇది.

సాఫ్ట్‌వేర్ సూచనలు తెలుగు చేసేవాళ్లదీ అదే కథ. ‘సమస్యను పునరుత్పత్తి చేయండి’ అని రాస్తారు. ఉన్న సమస్యే చాలక మళ్లీ ఉత్పత్తి కూడానా అని చదివేవాడు బిత్తరపోతాడు. ‘సమస్య మళ్లీ వచ్చేలా చేసి చూడండి’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

జీవుల విషయంలో మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట ప్రత్యుత్పత్తి. పదో తరగతి జీవశాస్త్రంలో పాఠం చదివినవాళ్లందరికీ అది తెలుసు. లైంగిక ప్రత్యుత్పత్తి, అలైంగిక ప్రత్యుత్పత్తి అని అక్కడ హాయిగా నడుస్తుంది. ఆ మాటను క్లాసు దాటించి జిరాక్స్ షాపు దగ్గరికి తేవద్దు.

పునరుత్పత్తి అన్న మాట నిజంగా ఒప్పే చోటు ఆర్థికశాస్త్రం. మార్క్స్ పెట్టుబడి గ్రంథం మొదటి సంపుటిలో ‘సింపుల్ రీప్రొడక్షన్’ అన్నదానికి సరళ పునరుత్పత్తి అని తెలుగు వామపక్ష సాహిత్యంలో చెప్పుకుంటారు. అక్కడ నిజంగానే ఉత్పత్తి ఉంది, అది మళ్లీ మళ్లీ జరుగుతుంది. వండి పెట్టి, బట్టలు ఉతికి, పిల్లల్ని పెంచి, మనిషిని మర్నాడు మళ్లీ పనికి వెళ్లేలా చేసే ఇంటి చాకిరీని ‘సోషల్ రీప్రొడక్షన్’ అంటారు. దానికి కూడా సామాజిక పునరుత్పత్తి అన్న మాట సరిపోతుంది.

జంతువుల సంగతిలో రీప్రొడ్యూస్, బ్రీడ్, స్పాన్ అని మూడు వాడుతున్నారు. తేడా ఏమిటి?

పులసతో చెబితే తొందరగా ఎక్కుతుంది. ఇంగ్లీషులో హిల్సా అనే ఈ చేప ఉండేది సముద్రంలో. అక్కడ ఉన్నంతసేపూ దాన్ని ఇలస అంటాం. వరదల కాలంలో ఎర్రనీరు దిగగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. ఏటి నీళ్లలో పడ్డాక దాని పేరూ రుచీ రెండూ మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే దారిలోనే మన వలల్లో పడి, పుస్తెలమ్మైనా తినాలన్న సామెతకు కారణమైంది. జాతిని నిలబెట్టుకోవడానికి వచ్చిన తల్లి చేపనే మనం పట్టుకుని పులుసు పెట్టుకుంటున్నాం, అది వేరే గొడవ.

ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పాలంటే: హిల్సా నదిలోకి వచ్చేది రీప్రొడ్యూస్ అవడానికి. ఇది అన్ని జీవులకూ పనికొచ్చే పెద్ద మాట. నీళ్లలో గుడ్లు వదిలే చేపలు, కప్పలు, రొయ్యలలాంటివాటికి ఆ పనిని సూటిగా చెప్పే మాట స్పాన్. బ్రీడ్ అన్నది రెండు రకాలుగా పనిచేస్తుంది. జంతువులు తమంతట తాము చేసినా బ్రీడే, మనిషి కూర్చుని చేయించినా బ్రీడే. రీప్రొడ్యూస్‌కి ఆ రెండో అర్థం లేదు. ‘రైతు గేదెల్ని రీప్రొడ్యూస్ చేస్తున్నాడు’ అనకూడదు, ‘బ్రీడ్ చేస్తున్నాడు’ అనాలి. ముర్రా గేదెకి మంచి జాతి దున్నతో కట్టించేవాడు చేసేది బ్రీడింగ్, ఆ గేదె చేసేది రీప్రొడ్యూసింగ్.

రొయ్యల హేచరీల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మన దేశంలో వనామీ సాగుకి 2009లో అనుమతి వచ్చింది. ఈ రొయ్య మన సముద్రానిది కాదు, పసిఫిక్ మహాసముద్రానికి తూర్పున, అమెరికా ఖండాల తీరానిది. అందుకని కొన్ని ప్రత్యేక జబ్బులు లేవని పరీక్షించిన తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెప్పిస్తారు. హేచరీలో వాటికి మంచి మేత పెట్టి, నీటి ఉప్పదనం, వేడి సరిచూసి గుడ్లు పెట్టిస్తారు. వచ్చిన పిల్లనే చెరువు రైతులు ‘సీడ్’ అంటారు. విత్తనం అన్న మాటను రొయ్యకి అంటగట్టినా మనకేమీ వింతగా ఉండదు. ఇంగ్లీషు పత్రాల్లో మాత్రం తల్లి రొయ్యల గుంపుని ‘బ్రూడ్‌స్టాక్’ అనీ, చెరువులో వదిలే పిల్లని ‘పోస్ట్ లార్వా’ అనీ రాస్తారు. ఎగుమతి కాగితాలు చూసేవాళ్లకి ఈ రెండూ తెలిసి ఉండాలి.

మొక్కలకి కూడా రీప్రొడ్యూస్ అనొచ్చా? కడియం నర్సరీల్లో ప్రాపగేషన్ అంటున్నారే?

మొక్క తనంతట తాను చేసేది రీప్రొడక్షన్. మనిషి మొక్కకి మొక్కని తయారుచేసేది ప్రాపగేషన్. కడియం, కడియపులంక నర్సరీల్లో అంటు కట్టేవాళ్లు, గాలి అంటు వేసేవాళ్లు, కొమ్మ ముక్కలు పాతేవాళ్లు చేస్తున్నది ప్రాపగేషన్. బ్రీడ్‌కి, రీప్రొడ్యూస్‌కి ఉన్న తేడాయే ఇక్కడ వేరే మాటతో వచ్చింది.

నర్సరీ క్యాటలాగుల్లో, వ్యవసాయ పుస్తకాల్లో ఇంకో వాడుక ఉంది. ‘రీప్రొడ్యూస్ ట్రూ’ అనో, ‘కమ్ ట్రూ ఫ్రమ్ సీడ్’ అనో రాస్తారు. గింజ నుంచి వచ్చిన మొక్క అచ్చం తల్లి లాగే ఉంటుందని అర్థం. అది అర్థమైతే రీప్రొడ్యూస్‌లో దాగి ఉన్న అసలు చిక్కు కూడా తేలుతుంది: మళ్లీ పుట్టింది సరే, అదే పుట్టిందా?

మన డెల్టాలోనే ఈ ప్రశ్నకి రకరకాల జవాబులున్నాయి. అరటికి పిలక తీసి పాతితే తల్లికి అచ్చు నకలు వస్తుంది. రావులపాలెం మార్కెట్టుకి వచ్చే కర్పూర అరటి గెల వెనక గింజ లేదు, పిలక వెనక పిలక తరతరాలుగా వస్తోంది. టిష్యూ కల్చర్ మొక్క కూడా సూత్రంలో అలాంటిదే, సీసాలో పెంచుతారంతే. వరిలో స్వర్ణ ఉంది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029 అదే. వరి తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి, కల్తీ పడకుండా చూసుకుంటే ఈ ఏటి గింజని దాచి వచ్చే ఏడు చల్లినా అదే స్వర్ణ వస్తుంది. హైబ్రిడ్ వరి గింజ దాచి చల్లితే రెండో ఏడు పొలమంతా ఒక్కలా ఉండదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనుతుంది, ఒకటి వెనక. హైబ్రిడ్ విత్తనం ఏటేటా కొనుక్కోవాల్సి రావడానికి కారణం ఇదే.

కొబ్బరి దగ్గరికి వచ్చేసరికి కోనసీమ రైతుకి బాగా తెలిసిన ఇబ్బంది. చెట్టుకి కొమ్మల్లేవు, పైన మొవ్వు ఒక్కటే. అంటు కట్టడానికి, పిలక తీయడానికి దారి లేదు, కాయ పాతడం తప్ప. పైగా మన పొడుగు రకానికి పుప్పొడి పక్క చెట్ల నుంచి వస్తుంది. విరగకాసే చెట్టు కాయని ఏరి పాతినా పిల్ల చెట్టు అలాగే కాస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం గోదావరి గంగ అనే సంకర రకం తయారుచేసింది. తూర్పు తీరపు పొడుగు రకానికి గంగబొండం అనే పొట్టి రకాన్ని కలిపి తీసినది. దాని కాయే పాతేసుకుంటే మళ్లీ గోదావరి గంగే వస్తుందనుకునేవాళ్లు ఉన్నారు. రాదు. ఆ చెట్టు రీప్రొడ్యూస్ అవుతుంది, కానీ రీప్రొడ్యూస్ ట్రూ అవదు.

కాపీ, డూప్లికేట్, రెప్లికేట్, రీక్రియేట్… ఇవన్నీ ఒకటే కదా? ఎందుకీ టెన్షన్?

పరీక్షలో పర్యాయపదాలు అడిగితే ఒకటే. రాసేటప్పుడు కాదు.

కాపీ అన్నిటికన్నా తేలిక మాట, ఎక్కడైనా ఒదుగుతుంది. డూప్లికేట్ అంటే ఇంగ్లీషులో అచ్చం అలాంటిదే ఇంకొకటి అని, తప్పు అర్థం ఏమీ లేదు. తెలుగులో మాత్రం దాని పరువు పోయింది. డూప్లికేట్ సరుకు అంటే నకిలీ సరుకు. అందుకే బండి తాళం చెవి పోగొట్టుకున్నవాడు ‘డూప్లికేట్ చేయించాలి’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు గానీ, బంగారం షాపులో ఆ మాట ఎత్తితే షాపతను ముఖం మాడ్చుకుంటాడు. రెప్లికేట్ అంటే ఒకరు చేసిన పనిని అదే పద్ధతిలో మళ్లీ చేసి చూడడం. శాస్త్రం వైపు ఎక్కువ వినబడుతుంది, డీఎన్ఏ కణంలో రెండవడానికి కూడా ఈ మాటే.

రీప్రొడ్యూస్‌కి వీటికీ తేడా ఎక్కడంటే, రీప్రొడ్యూస్‌లో మాధ్యమం మారొచ్చు. గుడ్డ మీద నేసిన డిజైన్‌ని పేపర్లో ఫొటోగా వేస్తే రీప్రొడ్యూస్ చేసినట్టే. ఉప్పాడ జాందానీ నేతలో బుటా రెండు వైపులా ఒకేలా శుభ్రంగా కనబడుతుంది, దారాలు వెనక వేలాడవు. ఆ డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద అచ్చేస్తే డిజైన్ రీప్రొడ్యూస్ అయింది, నేత కాలేదు. ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, అచ్చేసిన చీరని ఆ పేరుతో అమ్మకూడదు. ఇక్కడ మాట తేడా చట్టం తేడా కూడా.

రీక్రియేట్ అంటే పాత వాతావరణాన్నో రుచినో మళ్లీ కళ్లకు కట్టించడం. హైదరాబాద్‌లో ఉండి ఆత్రేయపురం పూతరేకులు చేయబోయేవాళ్లు రీక్రియేట్ చేస్తున్నారు. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యపు పిండిలో తడిపిన గుడ్డని దాని మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేయాలి. రెసిపీ కాపీ చేయొచ్చు, ఆ చెయ్యి కాపీ చేయలేం. ఇది నా అభిప్రాయమే కాదు, ఒకసారి ప్రయత్నించిన ప్రతి ఇల్లాలి అభిప్రాయం.

‘దిస్ ఫొటో విల్ నాట్ రీప్రొడ్యూస్ వెల్’ అని ప్రెస్సువాళ్లు అన్నారు. ఫొటో తనంతట తాను ఎలా రీప్రొడ్యూస్ అవుతుంది?

అవదు. ఇంగ్లీషులో కొన్ని క్రియలకి ఈ అలవాటు ఉంది. పని చేయించుకునే వస్తువునే కర్తగా నిలబెడతారు. ‘ఈ పుస్తకం బాగా అమ్ముడుపోతోంది’ అని మనమూ అంటాం, పుస్తకం అమ్ముకోదు కదా. ప్రెస్సువాళ్ల మాటకి తెలుగు: ‘ఈ ఫొటో అచ్చులో బాగా రాదు’. అంతే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఫ్లెక్సీ మీద వేయించబోతే ఎవరైనా ఇదే చెబుతారు.

రీప్రొడక్షన్ అన్న నామవాచకం చిత్రకళలో ప్రత్యేకంగా వాడతారు. ‘ఎ రీప్రొడక్షన్’ అంటే ఒక చిత్రానికి తీసిన అచ్చు ప్రతి. దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. పుస్తకాల్లో, క్యాలెండర్లలో మనం చూసేవి వాటి రీప్రొడక్షన్లు. ఎవరైనా అలాంటి బొమ్మే గీసి ఆయనదని అమ్మితే అది ఫోర్జరీ, రీప్రొడక్షన్ కాదు. రీప్రొడక్షన్‌కి మోసంతో సంబంధం లేదు, అది నకలని చెప్పే అమ్ముతారు.

శబ్దానికి కూడా ఈ మాట ఉంది. స్పీకర్ పాటని ఎంత సహజంగా వినిపిస్తుందో చెప్పడానికి ‘సౌండ్ రీప్రొడక్షన్’ అంటారు. తీర్థాల్లో పెట్టే మైకు సెట్లకి ఈ లెక్క వర్తించదు, అక్కడ ఊరంతా వినబడిందా లేదా అన్నదే లెక్క.

పుస్తకాల మొదటి పేజీలో ‘నో పార్ట్ మే బి రీప్రొడ్యూస్డ్’ అని ఉంటుంది. మరి జిరాక్స్ తీయిస్తే నేరమా?

ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న, ముఖ్యంగా కాలేజీ పక్కన ఉన్న జిరాక్స్ షాపులవాళ్లు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచన మీద రచయితకి ఉండే హక్కుల్లో మొదటిది, ఏ రూపంలోనైనా దాన్ని రీప్రొడ్యూస్ చేసే హక్కు. సెక్షన్ 14 ఆ మాటే వాడింది. ఎలక్ట్రానిక్ రూపంలో దాచడం కూడా అందులోకే వస్తుందని అక్కడే రాసి ఉంది. కాబట్టి ‘నేను జిరాక్స్ తీయలేదు, పీడీఎఫ్ గ్రూపులో పెట్టానంతే’ అన్నది సమాధానం కాదు. అదీ రీప్రొడ్యూస్ చేయడమే.

అలాగని ఒక్క పేజీ కూడా తీయకూడదని కాదు. సెక్షన్ 52లో మినహాయింపులున్నాయి. సొంత చదువు కోసం, పరిశోధన కోసం, విమర్శ కోసం న్యాయంగా వాడుకోవచ్చు. పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ నకలు తీసుకోవచ్చు. ఈ రెండో మినహాయింపు మీదే ఢిల్లీలో పెద్ద కేసు నడిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఒక ఫొటోకాపీ షాపు, పుస్తకాల్లోంచి భాగాలు తీసి కోర్సు ప్యాకులుగా అమ్మేది. దాని మీద పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెళ్లాయి. 2016 సెప్టెంబరులో హైకోర్టు షాపు వైపు తీర్పు ఇచ్చింది. అప్పీలులో డివిజన్ బెంచ్ కొన్ని అంశాలు మళ్లీ విచారించమంది గానీ, 2017 మార్చిలో ప్రచురణకర్తలే కేసు వెనక్కి తీసుకున్నారు.

దీన్ని చూపించి మొత్తం పుస్తకం జిరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి, కౌంటరు మీద వరసగా పేర్చి అమ్మితే కుదురుతుందని అనుకోకండి. ఆ తీర్పు పాఠం చెప్పే క్రమానికి సంబంధించింది. పోటీ పరీక్షల గైడ్లని టోకున నకలు తీసి అమ్మడం వేరే వ్యాపారం. ఆ గైడు రాసినవాళ్లు కూడా మనలాంటి మేష్టార్లే.

రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆ లెక్క పోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఆ గడువు దాటినవాటిని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కందుకూరి వీరేశలింగం గారు 1919లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి.

ఆఫీసు లెటర్లలో ‘రీప్రొడ్యూస్డ్ బిలో’ అని వస్తుంది. తెలుగులో ఎలా రాయాలి?

‘కింద యథాతథంగా ఇస్తున్నాం’. ఒక జీవో నుంచో కోర్టు ఉత్తర్వు నుంచో ఒక పేరా ఎత్తి, అక్షరం మార్చకుండా మన లెటరులో పెడుతున్నామని చెప్పడానికి ఆ మాట వాడతారు. ఇక్కడ అసలు బలం యథాతథంగా అన్నదానిలో ఉంది. సారాంశం రాసి ‘రీప్రొడ్యూస్డ్’ అంటే తప్పు. సారాంశమైతే ‘సమ్మరైజ్డ్’ అనాలి.

పొలం కాగితాల సంగతికొస్తే, తహసీల్దారు ఆఫీసులో గానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో గానీ మనం అడిగేది నకలు. ఇంగ్లీషులో దాన్ని ‘సర్టిఫైడ్ కాపీ’ అంటారు, ‘సర్టిఫైడ్ రీప్రొడక్షన్’ అనరు. అక్కడ రీప్రొడ్యూస్ ఇరికించకండి.

పరీక్షలో ‘రీప్రొడ్యూస్ ది స్టోరీ ఇన్ యువర్ ఓన్ వర్డ్స్’ అంటే బట్టీ పట్టింది రాయాలా, సొంతంగా రాయాలా?

సొంత మాటల్లో. ‘ఇన్ యువర్ ఓన్ వర్డ్స్’ అన్నాక కథ వాళ్లది, మాటలు మీవి. జ్ఞాపకం నుంచి తిరిగి చెప్పమన్నమాట. ఆ చివరి మాటలు లేకుండా ఉత్త ‘రీప్రొడ్యూస్’ అని ఉంటే, ఉదాహరణకి పద్యం గానీ పటం గానీ అడిగితే, చూసినదాన్ని ఉన్నదున్నట్టు దించాలి.

‘పిల్లవాడు పాఠం రీప్రొడ్యూస్ చేస్తాడు గానీ అర్థం చేసుకోడు’ అని పేరెంట్స్ మీటింగులో టీచరు అంటే అది మెచ్చుకోలు కాదు. బట్టీ పట్టి అప్పజెబుతున్నాడని అర్థం.

సాఫ్ట్‌వేర్‌లో ‘కాంట్ రీప్రొడ్యూస్’ అని రాసి నా కంప్లైంట్ మూసేశారు. అంటే నేను అబద్ధం చెప్పానని అనుకుంటున్నారా?

లేదు. మీరు చెప్పిన తప్పు వాళ్ల కంప్యూటర్లో మళ్లీ రాలేదని అర్థం. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లగానే బండి శబ్దం ఆపేసినట్టన్నమాట. ఇలాంటిచోట వాళ్లకి కావలసింది ‘స్టెప్స్ టు రీప్రొడ్యూస్’: ఏ ఫోను, ఏ వెర్షను, మొదట ఏం నొక్కారు, తర్వాత ఏం నొక్కారు, ఎప్పుడు ఆగిపోయింది. వరసగా రాసి, స్క్రీన్ రికార్డింగు జతచేసి మళ్లీ తెరవమని అడగండి.

శాస్త్రంలో ఇదే మాటకి బరువు ఇంకా ఎక్కువ. ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రాకపోతే దాన్ని నమ్మడం కష్టం. 2016లో నేచర్ పత్రిక 1,576 మంది పరిశోధకుల్ని అడిగితే, ఇంకొకరి ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యామని 70 శాతానికి పైగా చెప్పారు. సగం మందికి పైగా తమ సొంత ప్రయోగాన్నే మళ్లీ రాబట్టలేకపోయారు. 2019లో అమెరికా జాతీయ అకాడమీలు రెండు మాటల్ని విడదీశాయి. అదే డేటా, అదే కోడు తీసుకుని లెక్క వేస్తే అదే జవాబు రావడం రీప్రొడ్యూసిబిలిటీ. కొత్తగా డేటా సేకరించి చూసినా అలాంటి ఫలితమే రావడం రెప్లికబిలిటీ.

చెరువు రైతులకి ఇది కొత్త విషయం కాదు. ఒకే చెరువు నీళ్లని రెండు సీసాల్లో పట్టి రెండు ల్యాబులకి ఇస్తే, అమ్మోనియా అంకె రెండు చోట్లా దగ్గర దగ్గరగా రావాలి. రాకపోతే మందు ఎంత చల్లాలో ఎవరి మాట విని తేల్చుకోవాలి? సీసా ఎప్పుడు పట్టారు, ఎంతసేపు ఎండలో ఉంచారు, ఏ కిట్టుతో చూశారు అన్నవి రాసి పెట్టుకుంటేనే తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది.

కరోనా రోజుల్లో ‘ఆర్ నంబర్’ అనేవారు. ఆ ఆర్ ఇదేనా?

ఇదే. రీప్రొడక్షన్ నంబర్. ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తున్నాడో చెప్పే అంకె. ఒకటికి పైన ఉంటే జబ్బు పెరుగుతుంది, కింద ఉంటే తగ్గుతుంది.

మనుషుల గురించి మాట్లాడేటప్పుడు వాడొచ్చా?

డాక్టరు, జనాభా లెక్కల శాఖ, పాఠ్యపుస్తకం వాడొచ్చు. ‘రీప్రొడక్టివ్ హెల్త్’ అన్నది మర్యాదైన మాటే. కానీ కొత్తగా పెళ్లైన జంటని ‘ఎప్పుడు రీప్రొడ్యూస్ చేస్తారు’ అని ఇంగ్లీషులో అడిగితే పశువుల డాక్టరు అడిగినట్టుంటుంది. ‘హావ్ చిల్డ్రన్’ అనాలి. అసలు అడక్కపోవడం ఇంకా మంచిది, మన పిన్నిగార్లు వింటారా అన్నది వేరే సంగతి.

ఉచ్చారణ, రూపాలు కొంచెం చెప్పండి.

ఒత్తు చివరి అక్షరం మీద పడుతుంది: రీ-ప్ర-డ్యూస్. రీ మీద కాదు. భూతకాలం రీప్రొడ్యూస్డ్, నామవాచకం రీప్రొడక్షన్, విశేషణాలు రీప్రొడక్టివ్, రీప్రొడ్యూసిబుల్. మొదటి విశేషణం జీవులకి, రెండోది ఫలితాలకి. తారుమారు చేస్తే నవ్వులపాలవుతారు. ‘రీప్రొడ్యూస్ అగైన్’ అనకండి, ‘రీ’లోనే మళ్లీ ఉంది. ‘రిటర్న్ బ్యాక్’ అనేవాళ్లకీ ఇదే మనవి.

వేరే పుస్తకంలోని బొమ్మ అనుమతి తీసుకుని వేసుకున్నాను. కింద ఏమని రాయాలి? ఫ్రమ్ అనాలా, బై అనాలా?

ఎక్కడి నుంచి తీసుకున్నారో దానికి ఫ్రమ్. ఎవరి అనుమతితో వేశారో దానికి ‘బై పర్మిషన్ ఆఫ్’ లేదా ‘విత్ పర్మిషన్ ఫ్రమ్’. ఇంగ్లీషు పుస్తకమైతే ‘రీప్రొడ్యూస్డ్ ఫ్రమ్’ అని పుస్తకం పేరు, ‘బై పర్మిషన్ ఆఫ్’ అని హక్కుదారు పేరు. తెలుగు పుస్తకమైతే ‘ఫలానా పుస్తకం నుంచి, ఫలానావారి అనుమతితో’ అని వేస్తే చాలు, క్రియ అక్కర్లేదు. అనుమతి లెటరు మాత్రం ఫైల్లో పెట్టుకోండి, రెండో ముద్రణకి మళ్లీ అడగాలేమో అందులోనే రాసి ఉంటుంది.